జైలుకు రాసే ఉత్తరం

కటకటాల వెనకున్న అపరిచితుడితో కలం స్నేహం చేయాలనుకునే పల్నాడు వాళ్లు, కవరు మీద పేరు రాయకముందే తేల్చుకోవాల్సిన సంగతులు

పల్నాడు పల్లెల్లో ఉత్తరానికి ఇంటి నంబరు అక్కర్లేదు. పేరు, ఇంటిపేరు, ఊరు, మండలం రాస్తే చాలు. దుర్గి అయినా, వెల్దుర్తి అయినా, రెంటచింతల అయినా పోస్ట్‌మేన్ తిన్నగా గుమ్మం ముందుకొచ్చి పిలుస్తాడు. ఇంటిపేరు చూడగానే ఏ బజారో తెలిసిపోతుంది, ఏ కులమో తెలిసిపోతుంది, కొన్ని ఊళ్లలో ఏ వర్గమో కూడా తెలిసిపోతుంది. మేనమామకు రాసే ఉత్తరానికి ఇదంతా సౌకర్యమే. రాజమండ్రి సెంట్రల్ జైల్లోనో, నెల్లూరు సెంట్రల్ జైల్లోనో ఉన్న ముక్కూమొహం తెలియని మనిషికి రాసేటప్పుడు మాత్రం, ఆ రెండు లైన్ల ఫ్రం అడ్రసులో మన కుటుంబం మొత్తం అతని చేతికి వెళుతుంది.

అలా రాయాలనిపించేవాళ్లు మన మధ్య ఉన్నారు. క్రిస్మస్ రోజుల్లో సబ్ జైలుకు దుప్పట్లు, పండ్లు పట్టుకెళ్లే చర్చి పిల్లలు, లా చదువుతున్న కుర్రాళ్లు, రిటైరైన పంతుళ్లు, పేపర్లో ఒక కేసు చదివి రెండు రోజులు నిద్రపట్టని గృహిణులు. వాళ్లను వెనక్కి లాగడానికి ఈ కథనం రాయడం లేదు. రాయమనే చెబుతాను. హద్దులు ముందే గీసుకున్నవాళ్లు ఏళ్ల తరబడి రాయగలుగుతారు. గీసుకోనివాళ్లు నాలుగో ఉత్తరానికే భయపడి మానేస్తారు, అప్పుడు లోపలున్న మనిషి మునుపటికంటే ఒంటరివాడవుతాడు. నా బాధంతా ఆ రెండో సంగతి గురించే.

ఎవరికి రాస్తున్నామో ముందు తెలియాలి. జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్కల ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వాళ్లలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నూటికి దాదాపు 76 మందికి ఇంకా శిక్ష పడలేదు. కోర్టు వాయిదాల కోసం, జామీనుదారుల కోసం ఎదురుచూస్తున్నవాళ్లు వీళ్లు. నరసరావుపేట, గురజాల సబ్ జైళ్లలో ఉండేదీ ఎక్కువగా ఇలాంటి రిమాండు ఖైదీలే. పెద్ద శిక్ష పడితే రాజమండ్రికో నెల్లూరికో తీసుకెళతారు. మాచర్ల అవతలి పల్లె నుంచి రాజమండ్రి ములాఖత్‌కు పోయి రావాలంటే రెండు రోజుల కూలి పోతుంది, చార్జీలు మీదపడతాయి. మొదట్లో నెలనెలా వచ్చిన భార్య తర్వాత పండక్కి వస్తుంది, ఆ తర్వాత తల్లి ఒక్కతే వస్తుంది. ఆడ ఖైదీల విషయంలో ఈ తెగిపోవడం ఇంకా తొందరగా జరుగుతుంది. పుట్టింటివాళ్లూ రారు, అత్తింటివాళ్లూ రారు. అలాంటి చోట పేరుపెట్టి పిలిచి ఒక కవరు చేతిలో పెడితే ఆ రోజు ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఉత్తరం చేసిన పనులు చిన్నవి కావు. తీహార్ జైల్లో తోటి ఖైదీని వార్డరు చిత్రహింస పెట్టాడని సునీల్ బాత్రా అనే మరణశిక్ష ఖైదీ సుప్రీంకోర్టు న్యాయమూర్తికి ఉత్తరం రాశాడు. కోర్టు దాన్నే పిటిషన్‌గా తీసుకుంది. 1979 డిసెంబరు 20న జస్టిస్ కృష్ణయ్యర్ ఇచ్చిన ఆ తీర్పు ఈ దేశపు ఖైదీల హక్కులకు పునాది రాయి అయింది. అంతకుముందు మన నేల మీదే, పల్నాడు పుల్లరి సత్యాగ్రహంలో అరెస్టయిన ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో రాయవేలూరు జైల్లో కూర్చుని 'మాలపల్లి' రాశారు. వరవరరావు 1988-89లో జైలు నుంచి రాసిన లేఖలు ఆంధ్రప్రభలో అచ్చయి, తర్వాత 'సహచరులు'గా పుస్తకమయ్యాయి. లోపల్నుంచి బయటికి వచ్చిన మాటలు మనకు చాలానే ఉన్నాయి. బయటి నుంచి లోపలికి వెళ్లిన మాటలే తక్కువ.

చిలకలూరిపేట దగ్గర

ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉన్న చిలకలూరిపేట పేరు చెబితే ఒక తరానికి బస్సు దహనమే గుర్తొస్తుంది. 1993 మార్చి 8 తెల్లవారుజామున, హైదరాబాద్ నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సును ఇద్దరు యువకులు దోచుకోబోయి, పెట్రోలు పోసి తగలబెట్టారు. 23 మంది కాలిపోయారు. గుంటూరు సెషన్స్ కోర్టు 1995లో ఆ ఇద్దరికీ ఉరిశిక్ష వేసింది, హైకోర్టు ఖాయం చేసింది, సుప్రీంకోర్టూ 1996లో ఖాయం చేసింది. రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ క్షమాభిక్ష తోసిపుచ్చారు. 1997 మార్చిలో రాజమండ్రి జైల్లో ఉరికి తేదీ కూడా పెట్టారు. ఆ చివరి ఘడియల్లో సుప్రీంకోర్టు ఆపింది. పౌరహక్కుల వాళ్లు తిరిగారు, బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవి రాష్ట్రపతికి విన్నవించుకున్నారు, చివరకు కె.ఆర్. నారాయణన్ రాష్ట్రపతిగా ఉండగా ఉరి యావజ్జీవంగా మారింది.

ముక్కూమొహం తెలియని ఇద్దరు ఖైదీల కోసం దేశం మరో కొస నుంచి ఒక రచయిత్రి కలం పట్టారు. నేను ఆ విన్నపం పక్షానే ఉన్నాను. అయినా ఆ 23 మంది ఇళ్లను మరిచిపోయి ఈ కథ చెప్పకూడదు. వాళ్ల పిల్లలు, మనవలు ఇక్కడే బతుకుతున్నారు, ఇవే సంతల్లో కూరగాయలు కొంటున్నారు. ఖైదీకి రాసే ప్రతి ఉత్తరానికీ చదివేవాళ్లు కాక మరో పక్షం ఉంటుంది: ఆ నేరంలో నష్టపోయిన కుటుంబం. కోల్‌కతాలో ఉన్నవాళ్లకు ఆ కుటుంబం ఎదురుపడదు. మనకు ఎదురుపడుతుంది.

అందుకే నా మొదటి సలహా కొంచెం మొండిగా ఉంటుంది. పల్నాడులో ఉంటూ పల్నాడు కేసు ఖైదీకి రాయకండి. వర్గాలుగా చీలిన ఊళ్లో హత్య కేసు ముద్దాయికి మీరు పంపిన పలకరింపు పలకరింపుగా ఉండదు, ఫలానా ఇంటివాళ్లు ఆ పక్షం చేరారన్న కబురుగా సాయంత్రానికి రచ్చబండ దగ్గరికి చేరుతుంది. 2024 మే ఎన్నికల తర్వాత మాచర్ల, నరసరావుపేట ఎలా ఉడికాయో, 144 సెక్షన్ కింద బజార్లు ఎలా మూతపడ్డాయో చూసినవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. బాధితులతో చుట్టరికం ఉన్నా, సాక్షులు మీకు తెలిసినవాళ్లయినా, ఆ కేసులో ముద్దాయికి కార్డు ముక్క కూడా పోకూడదు. అది మీకే కాదు, సాక్షి ప్రాణానికీ ముప్పు. విశాఖ జైల్లోనో, కడప జైల్లోనో ఉన్న వేరే జిల్లా మనిషిని ఎంచుకోండి. మీ ఊరి పేరు విన్నా ఏ ఇల్లో గుర్తుపట్టలేని మనిషిని ఎంచుకోండి. ఆడవాళ్లయితే ఆడ ఖైదీకి రాయడంతో మొదలుపెట్టమంటాను.

పేరు తెలిశాక కేసు చూసుకోండి. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో పేరు, పోలీస్ స్టేషన్, కేసు నంబరు కొడితే వాయిదాలూ ఉత్తర్వులూ ఎవరైనా చూడొచ్చు. అతను 'దొంగ కేసు పెట్టారు' అని రాయొచ్చు, అది నిజమూ కావచ్చు. కానీ మీకు తెలిసినదానికీ, అతను చెప్పినదానికీ మధ్య దూరం ఎంతో మీకు తెలిసి ఉండాలి. ఆడవాళ్ల మీద, పిల్లల మీద నేరాలు ఉన్నాయేమో, మోసం కేసులు ఉన్నాయేమో చూసి, అప్పుడు రాయాలో వద్దో తేల్చుకోండి. చూసి మానుకుంటే తప్పేమీ కాదు.

ఫ్రం అడ్రసు

ఇంటి చిరునామా వద్దు. ఇందులో మినహాయింపు లేదు. అమెరికా వాళ్ల సలహాలు చదివితే అక్కడ ఎక్కువగా ఇరవై, ముప్ఫై ఏళ్ల శిక్ష పడ్డవాళ్ల గురించే మాట్లాడతారు. మన దగ్గర నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలు. బెయిలు రేపే రావొచ్చు. 2024 జూలై నుంచి అమల్లోకొచ్చిన కొత్త నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, మొదటిసారి కేసులో ఇరుక్కున్న విచారణ ఖైదీ ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల గడిపితే విడుదలకు అర్హుడు, ఉరి, యావజ్జీవం పడే నేరాలు తప్ప. ఇది మంచి చట్టం, నేను దాన్ని స్వాగతిస్తాను. మీకు ఉత్తరం రాసే మనిషి ఏ వారమైనా బయటికి రావొచ్చన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. చేతిలో మీ చిరునామా ఉంటే, మొదట కృతజ్ఞత చెప్పుకోవడానికే వస్తాడేమో. ఇంట్లో ముసలి తల్లి ఒక్కతే ఉన్నప్పుడు వస్తే ఆ కృతజ్ఞతనూ తట్టుకోలేం.

పోస్టాఫీసులో పోస్టు బాక్సు అద్దెకు తీసుకునే సదుపాయం ఎప్పటి నుంచో ఉంది. నరసరావుపేట లాంటి పట్టణంలో హెడ్ పోస్టాఫీసుకు వెళ్లి అడగండి. కవరు మీద బాక్సు నంబరు, పిన్‌కోడ్ ఉంటే చాలు, జవాబు వచ్చి అక్కడ ఉంటుంది, మీరు వెళ్లి తెచ్చుకుంటారు. అంతకంటే మంచిది, ఒక సంస్థ చిరునామా మీద రాయడం. మీ చర్చి జైలు పరిచర్య చేస్తుంటే పాస్టరు గారినో ఫాదరు గారినో అడిగి ఆ చిరునామా వాడుకోండి. నరసరావుపేట, గురజాల కోర్టుల్లో న్యాయసేవా సంఘాల వాళ్లు ఉంటారు, జైళ్లకు వెళ్లొచ్చే పారాలీగల్ వలంటీర్లు ఉంటారు. వాళ్లతో ఒక్కసారి మాట్లాడితే ఏ జైల్లో పద్ధతులెలా ఉన్నాయో తెలుస్తుంది.

ఇంటిపేరు రాయకండి. పొడి పేరు చాలు. అబద్ధపు పేరు పెట్టుకోమనడం లేదు. అబద్ధంతో మొదలైన స్నేహం ఎక్కువ కాలం నిలబడదు, జైలు అధికారులు అడిగినా ఇబ్బందే. 'నా పూర్తి పేరు, ఇల్లు చెప్పను, అది నా నియమం' అని మొదటి ఉత్తరంలోనే రాసేయండి. నియమాల మధ్యే బతికే మనిషికి ఆ మాట తేలిగ్గా అర్థమవుతుంది. కార్డు మీద రాయొద్దు, దారిలో పదిమంది చదువుతారు. అయిదు రూపాయల కవరులో పెట్టండి.

కవరులో ఏం పెడుతున్నామన్నది ఇంకా ముఖ్యం. మీ ఫోటో వద్దు, పిల్లల ఫోటో అసలే వద్దు. వాళ్ల స్కూలు పేరు, బస్సు వచ్చే వేళ, భర్త ఏ ఊళ్లో ఉద్యోగం చేస్తున్నాడన్నది, దొడ్డిగుమ్మం ఎటుందన్నది మాటల్లో దొర్లిపోతుంటాయి. రాసిన కాగితాన్ని ఒకసారి పరాయి కళ్లతో చదవండి. ఇల్లు కనుక్కోవాలనుకున్నవాడికి ఇందులో ఏం దొరుకుతుందో చూడండి. 'వచ్చే శివరాత్రికి మేమంతా కోటప్పకొండ వెళుతున్నాం' అని రాస్తే ఇంటికి తాళం పడే తేదీ చెప్పినట్టే. వెళ్లొచ్చాక రాయండి, ఎంత వివరంగానైనా.

మరి ఏం రాయాలి? చాలా ఉంది. కోటప్పకొండ తిరణాలలో ఏ ఊరి ప్రభ ఎంత ఎత్తు కట్టారో, జనం మధ్య ప్రభలు ఎలా ఊగుతూ వచ్చాయో రాయండి. సాగర్ కుడి కాలువకు నీళ్లు ఎప్పుడు వదిలారో, మిరప తోటకు ఈసారి తామర పురుగు పట్టిందో లేదో, యార్డులో ధర ఎలా పలికిందో రాయండి. ఎత్తిపోతల దగ్గర ఎన్ని నీళ్లున్నాయో చెప్పండి. చదివిన కథ, చూసిన సినిమా, కొత్తగా నేర్చుకున్న పచ్చడి. లోపల రోజులన్నీ ఒకేలా ఉంటాయి. బయట కాలం కదులుతోందని తెలియడమే వాళ్లకు కావలసింది. చదువు మధ్యలో ఆపేసినవాళ్లయితే దూరవిద్య గురించి అడగండి. పుస్తకం పంపాలనుకుంటే ముందు జైలు సూపరింటెండెంటుకు రాసి అనుమతి అడగండి.

మనవాళ్ల ఉత్తరాల్లో ఇంకో సంగతి ఉంది. రెండో ఉత్తరానికే 'అన్నయ్యా', 'చెల్లెమ్మా' వచ్చేస్తాయి. చెల్లెమ్మ అన్నాక రాఖీ వస్తుంది, రాఖీ వచ్చాక అన్న అప్పు వస్తుంది. ఆప్యాయత అబద్ధమని నేననను. చాలాసార్లు నిజమే. వరస కలిపితే మన లెక్కల్లో బాధ్యత కలుస్తుంది, కాదనడం కష్టమవుతుంది. కొన్నాళ్లు 'గారు'తోనే రాసుకోండి, అదీ గౌరవమే.

డబ్బు, ఫోను, జామీను

ఖైదీకి జైల్లో సొంత డబ్బు ఖాతా ఉంటుంది. కుటుంబం పంపినది, జైల్లో పనిచేసి సంపాదించినది అందులో జమ అవుతుంది, క్యాంటీన్‌లో సబ్బో బిస్కెట్టో కొనుక్కుంటారు. పద్ధతి ఇంత స్పష్టంగా ఉండగా, 'మా బావమరిది ఫోన్‌పే నంబరుకు వెయ్యండి' అన్న మాట వచ్చిందంటే ఆ డబ్బు ఎటుపోతుందో మీకు తెలియదు, బహుశా ఖైదీకీ తెలియదు. లోపల ఒకడి చేత బలవంతంగా రాయిస్తున్నవాడు మరొకడు ఉండొచ్చు. డబ్బు పంపకపోవడం మీకే కాదు, అతనికీ రక్షణ. మీ నుంచి డబ్బు రాదని తేలిపోతే అతన్ని పీడించి రాయించేవాళ్లు ఉండరు.

మామూలు సెల్ నంబరు నుంచి రాత్రి పదింటికి ఫోను వచ్చి 'జైలు నుంచి మాట్లాడుతున్నా' అంటే పెట్టేయండి. జైల్లో ఖైదీలకు అధికారికంగా ఫోను సదుపాయం ఉంటుంది, దానికి వేళలు, నమోదైన నంబర్లు ఉంటాయి. దొంగచాటు ఫోనుకు మీరు రీఛార్జి చేయించారంటే మీ మీదికీ కేసు రావొచ్చు. 1894 నాటి జైళ్ల చట్టం 42వ సెక్షన్ ప్రకారం నిషిద్ధ వస్తువులు లోపలికి చేర్చినా, నిబంధనలకు విరుద్ధంగా ఖైదీతో సంబంధం పెట్టుకున్నా ఆరు నెలల వరకు జైలు. 2023లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా చట్టం ఫోన్ల విషయంలో ఇంకా కఠినంగా ఉంది.

లోపల కూర్చుని బయటివాళ్లను ఎంతవరకు ముంచొచ్చో చెప్పే కేసు సుకేశ్ చంద్రశేఖర్‌ది. ఢిల్లీ జైల్లో ఉంటూనే, కేంద్ర ప్రభుత్వ అధికారిలా ఫోన్లు చేసి ఒక పారిశ్రామికవేత్త భార్య నుంచి 200 కోట్లు గుంజాడన్నది అతని మీద పోలీసులు, ఈడీ పెట్టిన అభియోగం. జైలు అధికారులూ అరెస్టయ్యారు. ఆ తర్వాత ఒక హిందీ నటిని ఉద్దేశించి జైలు నుంచి వరసగా ప్రేమలేఖలు విడుదల చేస్తుంటే, వాటిని ఆపించమని ఆమె 2023 డిసెంబరులో కోర్టుకెక్కాల్సి వచ్చింది. అంత పేరున్న మనిషికే అడ్డుకోవడం అంత కష్టమైతే, ఊళ్లో పరువు గురించి భయపడే డిగ్రీ అమ్మాయి ఏం చేస్తుంది? అందుకే ప్రేమ మాట మొదలైన ఉత్తరానికి జవాబులో స్పష్టంగా ఒక్క వాక్యం ఉండాలి: 'అలాంటి ఉత్తరాలకు నేను జవాబివ్వను.' మళ్లీ వస్తే ఆగిపోవాలి. జాలితో రాసిన మూడో ఉత్తరం ఒప్పుకోలు అయిపోతుంది.

ఈ విషయంలో ప్రపంచమంతా గుర్తుంచుకున్న కథ ఒకటుంది. 1977లో జాక్ అబ్బాట్ అనే ఖైదీ అమెరికన్ రచయిత నార్మన్ మెయిలర్‌కు ఉత్తరం రాశాడు, జైలంటే ఏమిటో చెబుతానన్నాడు. ఆ ఉత్తరాలు గొప్పగా ఉన్నాయి. 1981లో పుస్తకమయ్యాయి. మెయిలర్ అక్కడితో ఆగలేదు, అతన్ని వదలమని అధికారులకు రాశాడు, ఉద్యోగమిస్తానన్నాడు. ఆ జూన్‌లో అబ్బాట్ పెరోలు మీద బయటికొచ్చాడు. ఆరు వారాలకు, జూలై 18న, న్యూయార్క్‌లో ఒక హోటల్లో టాయిలెట్ దగ్గర మాటామాటా పెరిగి అక్కడ పనిచేసే 22 ఏళ్ల కుర్రాణ్ని పొడిచి చంపాడు. మర్నాడు పేపర్లో అతని పుస్తకాన్ని పొగుడుతూ సమీక్ష వచ్చింది. మెయిలర్ ఉత్తరాలు రాయడం తప్పు కాదు. చక్కగా రాయగలిగిన మనిషి బయట చక్కగా బతకగలడని ఉత్తరాలను బట్టే పూచీ పడ్డాడు, అది తప్పు.

మన దగ్గర పూచీకి జామీను అని పేరు. బెయిలు వచ్చినా జామీనుదారులు దొరక్క నెలల తరబడి లోపలే ఉండిపోయే పేదలున్నారు, నిజమే. ఉత్తరాల పరిచయం మీద పట్టాదారు పాసుపుస్తకం పట్టుకుని కోర్టుకు వెళ్లకండి. అతను వాయిదాకు రాకపోతే జామీను మొత్తం మీ దగ్గర వసూలు చేస్తారు. దానికి బదులు న్యాయసేవల వాళ్ల ఉచిత నంబరు 15100 రాసి పంపండి, జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ ఎలా పెట్టుకోవాలో రాయండి. ఆ సాయం నిజంగా పనికొస్తుంది, మీ పొలం మీదికి రాదు.

అతనికీ రక్షణ కావాలి

జాగ్రత్తలన్నీ మన వైపు నుంచే చెప్పుకుంటే సగమే చెప్పినట్టు. మీ ఉత్తరం అతని చేతికి చేరేముందు జైలు అధికారి చదువుతాడు. అక్షరం రాని ఖైదీకి బ్యారక్‌లో చదవడం వచ్చినవాడెవడో చదివి వినిపిస్తాడు, జవాబూ వాడే రాసిపెడతాడు. అంటే మీరు రాసిన ప్రతి మాటకూ కనీసం ముగ్గురు పాఠకులు. అందుకే కేసు గురించి అడగకండి. 'అసలేం జరిగింది, నిజం చెప్పు' అని మీరు కుతూహలంగా అడిగితే, అతను నమ్మి రాస్తే, ఆ కాగితం రేపు కోర్టులో ఎవరి చేతుల్లో ఉంటుందో తెలియదు. జైలు లోపల ఎవరు ఎవరిని కొట్టారో, ఏ వార్డరు ఏం తీసుకున్నాడో కూడా ఉత్తరంలో అడగొద్దు. జవాబు రాసినవాడు ఆ రాత్రి అదే బ్యారక్‌లో పడుకోవాలి. ఫిర్యాదు ఉంటే జిల్లా జడ్జి జైలు తనిఖీకి వచ్చినప్పుడు చెప్పుకోవచ్చని, న్యాయసేవల లాయరుకు చెప్పుకోవచ్చని మాత్రం రాయండి.

1988లో బ్రిటన్‌లో మొదలైన లైఫ్‌లైన్స్ అనే సంస్థ అమెరికాలో మరణశిక్ష పడ్డవాళ్లకు ఉత్తరాలు రాయిస్తుంది. అక్కడ సభ్యుల పని స్నేహం, అంతవరకే. కేసు లాయర్లది. ఈ విభజన నాకు చాలా నచ్చింది. మనం లాయర్లం కాదు, పోలీసులం కాదు, పాపం కడిగే పూజారులమూ కాదు.

ఏ భాషలో రాస్తున్నామన్నదీ చూసుకోవాలి. అమలాపురంలో పుట్టిన ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా నాగపూర్ సెంట్రల్ జైలు అండా సెల్‌లో ఏళ్లు గడిపారు. తెలుగులో రాసిన ఉత్తరాలు అక్కడ లోపలికి వెళ్లనివ్వకపోవడంతో ఇంటివాళ్లతో కూడా ఇంగ్లిషులో రాసుకోవాల్సి వచ్చింది. నిర్దోషి అని 2024 మార్చిలో హైకోర్టు తేల్చితే, అదే ఏడాది అక్టోబరు 12న హైదరాబాద్‌లో కన్నుమూశారు. జైలు ఉత్తరాలు, కవితల పుస్తకం ఆయన బతికుండగానే 2022లో ఇంగ్లిషులో వచ్చింది. అమ్మభాషలో పలకరింపు కూడా దక్కని ఆ ఏళ్ల గురించి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. మహారాష్ట్రలోనో తమిళనాడులోనో ఉన్న తెలుగు ఖైదీకి రాసేటప్పుడు తెలుగు చదివే అధికారి ఉన్నాడా అని జైలుకు ముందే రాసి కనుక్కోండి. లేకపోతే కవరు బల్ల మీదే ఉండిపోతుంది, అతను మీరు మరిచిపోయారనుకుంటాడు.

వచ్చిన జవాబు నిజంగా జైలు నుంచే వచ్చిందా అన్నదీ చూసుకోండి. 2023 అక్టోబరులో, రాజమండ్రి జైల్లో రిమాండులో ఉన్న చంద్రబాబు నాయుడి పేరుతో ఒక బహిరంగ లేఖ బయటికొచ్చినప్పుడు, అది తమ ద్వారా వెళ్లలేదని జైలు అధికారులు ప్రకటించారు. లోపల్నుంచి వెళ్లే ఉత్తరాన్ని పరిశీలించి, జైలు ముద్ర వేసి, సూపరింటెండెంటు ధ్రువీకరించి పంపుతారని అప్పుడే రాష్ట్రమంతా విన్నది. మీకొచ్చిన కవరు మీద ఆ ముద్ర లేకపోతే, మధ్యలో ఎవరో మనిషి చేతికి తెచ్చి ఇస్తే, దానికి జవాబు రాయకండి. తెచ్చిన మనిషికి టీ ఇచ్చి కూర్చోబెట్టకండి.

వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ కవరుతో సహా దాచండి, తేదీ వేసి పెట్టుకోండి. మీరు రాసినదానికి నకలు ఉంచుకోండి. ఇంట్లో ఒకరికి, మీరు నమ్మే ఒక్కరికి, మొదటి రోజు నుంచే తెలియాలి. 'ఎవరికీ చెప్పొద్దు' అన్న మాట ఏ ఉత్తరంలో వచ్చినా ఆ ఉత్తరాన్ని ముందు ఆ ఒక్కరికి చూపించండి. బెదిరింపు వస్తే సూపరింటెండెంటుకు స్పీడ్ పోస్టులో రాయండి, అతని ఉత్తరాలు ఆపడం ఆయన చేతిలో పని. బయట మనుషులు తిరుగుతున్నారనిపిస్తే 112కు, డబ్బు పోతే 1930కు ఆలస్యం చేయకుండా ఫోను చేయండి.

విడుదల దగ్గరపడ్డప్పుడు మళ్లీ ఒకసారి మాట్లాడుకోవాలి. 'బయటికొచ్చాక కలుద్దాం' అని అతను రాస్తాడు, రాయకుండా ఎలా ఉంటాడు? కలవాలనుకుంటే పగలు, పదిమంది ఉండే చోట, మీవాళ్లను వెంటబెట్టుకుని కలవండి. వద్దనుకుంటే విడుదలకు ముందే చెప్పండి. బయటికొచ్చాక చెబితే అతనికి వెళ్లేచోటు ఒకటి తగ్గినట్టు ఉంటుంది.

ఆపేయాలనిపించే రోజూ రావొచ్చు. పిల్లల పరీక్షలు, ఆరోగ్యం, లేదా ఊరికే మనసు రాకపోవడం. అందరూ చేసే తప్పు, జవాబు రాయకుండా ఊరుకోవడం. లోపలున్న మనిషి నెలల తరబడి తపాలా వచ్చే వేళకు గేటు వైపు చూస్తాడు, తనేం తప్పు రాశాడోనని పాత ఉత్తరం గుర్తుచేసుకుంటాడు. ఒక్క కాగితం రాయండి. 'ఇక మీదట నేను రాయలేను. మీ తప్పేమీ లేదు. ఇన్నాళ్లూ మీ ఉత్తరాలు నాకు సంతోషం ఇచ్చాయి.' కింద తేదీ వేయండి. మీకు చర్చిలోనో కాలేజీలోనో రాయడానికి సిద్ధంగా ఉన్న స్నేహితులుంటే, వాళ్లు ఒప్పుకుంటే, వాళ్ల పోస్టు బాక్సు నంబరు కింద రాయండి. పోస్టులో వేశాక ఆ నెలాఖరు వరకూ మీ బాక్సు చూస్తూ ఉండండి, ఆఖరి జవాబు ఒకటి వస్తుంది. దాన్నీ చదవండి.